నాది కాని జవాబు

మా అత్తమ్మకు చెవుడు. ఈ మాట ఫిర్యాదుగానే చెబుతున్నాను, ఎవరూ సానుభూతి చూపనక్కర్లేదు. ఆ చెవుడుకు ఒక పద్ధతి ఉంది. "అత్తమ్మా, నల్లా వచ్చింది, జర బిందె పెట్టు" అని పక్కన నిలబడి అరిస్తే వినబడదు. నాలుగిళ్ల అవతల ఎవరి కోడలో అలిగి పుట్టింటికి పోయిందని మేము గుసగుసలాడుకుంటే మాత్రం "ఎవ్వలి కోడలే?" అంటూ మంచం మీద లేచి కూర్చుంటుంది. ఒకసారి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. రెండు చెవులూ బంగారంలా ఉన్నాయన్నాడాయన. ఆ మాట ఆమెకు వినబడలేదు.

ఆ చెవుడును నేను నమ్మానని చెప్పను. నమ్మినట్టు నటించడం ఒక మధ్యాహ్నం నాకు సౌకర్యంగా ఉండింది. అంతే.

అది రెండువేల ఏడు ఎండాకాలం. మా ఇబ్రహీంపట్నంలో అప్పుడు తీరికగా ఉన్నవాళ్లు లేరు. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ జొన్న చేలన్నీ సున్నం కొట్టిన రాళ్లతో నిండిపోయాయి. మా ఆయన రాజశేఖర్ ప్లాట్లమ్మే కంపెనీకి ఏజెంటు. అన్నం ముందు కూర్చుని కూడా "ఈశాన్యం బిట్టు, నలబై ఫీట్ల రోడ్డు" అని కలవరించేవాడు. మరిది దయాకర్ అదే కంపెనీకి సుమో నడుపుతూ పట్నం వాళ్లను ఎక్కించుకొచ్చి రాళ్లు చూపించేవాడు. నా పిల్లలిద్దరూ సెలవులకు మా అమ్మ దగ్గరికి పోయారు. ఇంట్లో పగటిపూట మిగిలింది నేను, అత్తమ్మ, దయాకర్ భార్య కరుణ. అప్పుడు దిగింది మా అక్క కూతురు శ్రీనిధి, రెండు సంచులు, నాలుగు లావు పుస్తకాలతో.

శ్రీనిధి పట్నంలో సైకాలజీ ఎమ్మెస్సీ చదివేది. ఎండాకాలం హాస్టలు మూసేశారు కాని ఎనిమిది శనివారాల ట్రెయినింగు మిగిలిందట.

"ఏం ట్రెయినింగే?" అన్నాను.

"హ్యూమన్ సెక్సువాలిటీ, చిన్నమ్మా."

నేను పొయ్యి మీది పాలు చూడటానికి అటు తిరిగాను. పొయ్యి మీద పాలు లేవు.

"ఆలుమొగల నడుమ కష్టమొస్తే ఎవ్వలకు చెప్పుకోవాలె? రేపు మాలాంటోళ్ల దగ్గరికే వస్తరు. వాళ్లు ఏడ్చుకుంట చెప్తుంటే మేము సిగ్గుపడి కిటికీ దిక్కు చూస్తే ఎట్ల? గందుకే ముందుగాల మాకు సిగ్గు పోగొడ్తరు."

"మొత్తం పోగొట్టుకోకు. పెండ్లిచూపులనాడు జరంత అవసరం పడ్తది."

నాకు నవ్వులాటగానే ఉండింది. ఆ ఎండాకాలం మొదట్లో నాకు అన్నీ నవ్వులాటగానే ఉండేవి.

వాళ్లకు చెప్పేది సీమోను సార్ అని ఒక పెద్దాయన. ముప్పై ఏళ్లు దవాఖానలో ఇవే కష్టాలు విన్నాడట. మొదటి శనివారం అందరికీ ఒక కాగితం ఇచ్చి, ఒంటి గురించీ పడకగది గురించీ మీ ఇంటి భాషలో ఉన్న మాటలన్నీ రాయండి, లేచి నిలబడి చదవండి అన్నాడు. నవ్వొచ్చినవాళ్లు ఒక గ్లాసు మంచినీళ్లు తాగి మళ్లీ మొదటినుంచి చదవాలి. శ్రీనిధి ఐదు గ్లాసులు తాగి ఇంటికొచ్చింది.

"ఇంగ్లీషుల ఇర్వై ఆరు రాసిన చిన్నమ్మా. తెలుగుల మూడు. ఆ మూడు గూడ బస్ డిపో కాడ తిట్టుకునేటియే. రేపు ఊర్లకెళ్లి ఒకామె వచ్చి నా ముంగట కూసుంటే ఆమెను ఏమని అడగాలె? మీరు ఇంట్ల ఏమంటరు?"

"మేము ఏమనం."

"ఏమనకుంట ఎట్లుంటరు?"

"'గది' అంటం. దేన్నైనా గదే అంటం. మాట్లాడేదాన్ని బట్టి అర్థం చేసుకుంటం."

"బీయే చదివినవ్ గద!"

"బీయేల గూడ గదే చెప్పిండ్రు."

వరండాలో మంచం మీంచి అత్తమ్మ అరిచింది. "పోరి ఏమడుగుతుందే?"

"ఏం లేదత్తమ్మా, చదువు సంగతి."

"గా చదువు నాకొస్తది. రాసుకొమ్మను."

అని, ఆకూవక్కా బుగ్గన పెట్టుకుని, నాట్ల పాటల్లోవి, బాయి కాడి కొట్లాటల్లోవి, ఇంకా ఎక్కడివో దేవుడికే తెలియాలి, పదకొండు మాటలు వరసగా చెప్పింది. శ్రీనిధి మధ్యలో రెండు గ్లాసుల నీళ్లు తాగి రాసుకుంది. నేను గోడకు ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. కరుణ ఒక్కతే చేతిలో చాటతో లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు సిగ్గెక్కువ అనుకున్నాం.

మరుసటి వారం పొలం నుంచి రెండు సంచుల చింతపండు వచ్చింది. ఆ పని ఎలా ఉంటుందో చేసినవాళ్లకు తెలుసు. ఎదురెదురుగా కూర్చుని, ముందు ఒక రాయి పెట్టుకుని, చిన్న సుత్తితో కాయను కొడితే గింజ ఎగిరి పడుతుంది. చేతులు ఆగవు, చూపులు కలవవు. చూపులు కలవకపోతే మనుషులు ఏమైనా చెప్పుకుంటారు. ఈ సంగతి సీమోను సార్‌కు తెలుసో లేదో.

"అక్కా," అంది కరుణ, గింజ కొడుతూనే. "శ్రీనిధి చదువుల... ఒల్లు మాట ఇనని ఆడోళ్ల గురించి గూడ చెప్తరా?"

"అంటే?"

రెండు మూడు కాయలు కొట్టింది. తర్వాత చెప్పింది. పెళ్లయి నాలుగేళ్లు. ఒక్కసారి కూడా వాళ్లిద్దరి మధ్య ఏమీ జరగలేదు. ఇష్టం లేక కాదు. దయాకర్ దగ్గరికి వస్తే ఆమె ఒళ్లు దానంతటదే మూసుకుపోతుంది. కత్తితో కోసినంత నొప్పి.

"ఆయన ఒక్క మాట అనడక్కా. సుమో తాళాలు టీవీ మీద పెట్టి, 'పండుకో, పొద్దున లేవాలె' అని అటు దిక్కు తిరుగుతడు. బయట ఎవ్వలన్న పిల్లలేరి అంటే, నేనే మందులు వాడుతున్న అని ఆయన మీదేసుకుంటడు. ఎవ్వలకు చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. నేను గూడ చెప్పనన్న. ఇగో, ఇయ్యాల నీకు చెప్పి నేనే తప్పిన."

"నా కాడ ఆగుతదిలే," అన్నాను.

ఆగింది. సరిగ్గా తొమ్మిది రోజులు.

మూడో శనివారం తర్వాత శ్రీనిధికి ఇంటర్వ్యూ పని పడింది. ఎవరైనా ఒప్పుకున్న మనిషిని కూర్చోబెట్టి, వాళ్ల దాంపత్య జీవితం గురించి గంటసేపు పద్ధతిగా అడిగి రాసుకురావాలి. పేరు రాయకూడదు. బాగా తెలిసినవాళ్లను అడగొద్దని సార్ చెప్పాడట. శ్రీనిధి ఎవరైనా తెలియని ఆవిడను వెతుకుతానంది.

"తెలియనోళ్లను ఇబ్రహీంపట్నంల గిట్ల అడిగితే చెప్పుతోని జవాబిస్తరు. నన్నడుగు," అన్నాను నేనే.

ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. అందులో నా వంతుకు మూడు మాటలున్నాయి. తలుపు వేసి ఉండాలి, మూడో మనిషి వినకూడదు. నా సంగతే చెప్పాలి, ఇంకొకరిది చెప్పకూడదు. ఇష్టం లేని ప్రశ్నకు "ఇది చెప్పను" అనొచ్చు. చెప్పను అనే హక్కు నాకు ఎవరైనా కాగితం మీద రాసివ్వడం అదే మొదటిసారి. దాన్ని వాడుకున్నా సరిపోయేది.

మధ్యాహ్నం పన్నెండుకే కరెంటు పోయింది. కరుణ చింతపండు ఆరబెట్టడానికి మేడ మీద ఉంది. శ్రీనిధి లేచి తలుపు వేయబోయింది.

"ఉడికి చస్తం. తీసే ఉంచు," అన్నాను.

"అమ్మమ్మ?" అంది, వరండాలో అత్తమ్మ మంచం వైపు చూస్తూ.

"వరండల పండుకుంది. ఆమెకేం ఇనవడ్తదే?"

శ్రీనిధి ఒక క్షణం ఆలోచించి కూర్చుంది. కూర్చున్నాక నా అక్క కూతురిలా లేదు. వీపు నిటారుగా, చేతులు ఒళ్లో, మొహంలో తొందర లేదు. "మీరు" అనడం మొదలుపెట్టింది. నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"పెండ్లయిన కొత్తల మీకు కష్టమనిపించింది ఏమన్న ఉందా?" అని అడిగింది. అడిగి ఆగింది.

మా ఇంట్లో ప్రశ్న అడిగి ఆగేవాళ్లు లేరు. "కూరేంది?" అనేవాడు నేను నోరు తెరవకముందే గిన్నె మూత తీస్తాడు. ఇక్కడ ఇరవై రెండేళ్ల పిల్ల, నేను ఏం చెప్పినా అది ప్రపంచంలోకెల్లా ముఖ్యమైన సంగతి అన్నట్టు చూస్తూ ఆగింది. గోడ గడియారం చప్పుడు వినబడింది.

నా దగ్గర నా జవాబు ఒకటి ఉంది. పదిహేనేళ్లలో నీకిష్టమా అని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు. నాలుక చివరికి వచ్చింది. వచ్చాక, ఇంత చిన్న సంగతికి ఈ పిల్ల ఇంతసేపు ఆగిందా అనిపిస్తుందేమోనని భయమేసింది. ఇంకో భయం కూడా ఉంది. ఆ మాట ఒకసారి బయటికొస్తే సాయంత్రం మా ఆయనకు అన్నం ఎలా వడ్డించాలి?

"ఉండె," అన్నాను. "నా ఒల్లు మూసుకపోతుండె."

అక్కడినుంచి కరుణ చెప్పిందంతా నేను నేనుగా చెప్పాను. నొప్పి చెప్పాను, అటు తిరిగి పడుకోవడం చెప్పాను, నెత్తి మీద చెయ్యి చెప్పాను. చెబుతుంటే శ్రీనిధి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆమె వాటిని తుడుచుకోలేదు. నాకు గొంతు కూడా వణికింది. అబద్ధం చెబుతున్నప్పుడు గొంతు అంత నిజంగా వణుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మధ్యలో వరండాలో మంచం కిర్రుమంది.

అత్తమ్మ ఇటు తిరిగి పడుకుంటే ఒక చప్పుడు, అటు తిరిగితే ఒక చప్పుడు, లేచి కూర్చుంటే ఒక చప్పుడు. పదిహేనేళ్ల కాపురంలో ఆ మంచం భాష నాకు బాగా వచ్చు. అది లేచి కూర్చున్న చప్పుడు. నేను ఆగొచ్చు. ఆగలేదు. శ్రీనిధి ఇంకా అలాగే వింటోంది మరి.

పెళ్లయిన మూడో నెలలోనే నాకు వేవిళ్లు మొదలైతే నిమ్మకాయ కోసిచ్చిన మనిషి అత్తమ్మ. ఆ కథ నాది కాదని ఆమెకు తెలియడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఇంట్లో పిల్లల్లేని కోడలు ఒక్కతే.

రెండు రోజుల తర్వాత, పగటి అన్నాల దగ్గర. మా ఆయనా శ్రీనిధీ ఇంట్లో లేరు. దయాకర్ ఆ రోజు తొందరగా వచ్చాడు. కరుణ అతనికి పచ్చిపులుసు పోస్తోంది. అత్తమ్మ కంచంలో ముద్ద కలుపుతూ, ఎవరివైపూ చూడకుండా అడిగింది.

"నా కొడుకు నాలుగేండ్ల సంది నీ పక్కన పండుతుండా, నీకు కావలి గాస్తుండా?"

గరిటె కంచం మీద వంగినట్టే ఆగింది.

"ఏందమ్మా గా మాటలు?" అన్నాడు దయాకర్.

"ఉన్న మాట. మందులు నువ్వెందుకు మింగుతవ్ రా? పెండ్లామే కానిదానికి పిల్లలేడికెళ్లొస్తరు?"

కరుణ దయాకర్ వైపు చూసింది. నా వైపు చూడలేదు.

ఆ చూపు ఎంతసేపో నేను చెప్పలేను. పచ్చిపులుసు కంచం అంచు దాటి చాప మీదికి పోతోంది. నేను లేచి గుడ్డ తెచ్చి తుడిచాను. తుడవడం నాకు బాగా చేతనవును.

తెల్లారి కరుణ సంచి సర్దుకుని కందుకూరు బస్సెక్కింది. అక్కడ వాళ్ల అమ్మానాన్నలున్నారు. దయాకర్ డిపో దాకా వెనకే నడిచాడు. ఆమె ఒక్కసారే మాట్లాడిందట. "నెత్తి మీద చెయ్యి పెట్టి గూడ చెప్పినవ్ గద." అంతే.

ఆ సాయంత్రం అతను ఇంటి ముందు ఆపిన సుమోలోనే కూర్చున్నాడు. చాయ తీసుకుపోయి ఇచ్చాను.

"వదినా, అమ్మకు నేను చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. నీకన్న నమ్మకముందా?"

"ఉంది," అన్నాను. ఆ వారంలో నేను ఆడిన నిజం అదొక్కటే.

అత్తమ్మను ఎవరు చెప్పారని అతను ఎన్నిసార్లు అడిగినా చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అనేది. చెప్పాలంటే తనకు వినబడుతుందని ఒప్పుకోవాలి. నేను చెప్పాలంటే తలుపు సంగతి ఒప్పుకోవాలి. ఒకే ఇంట్లో ఇద్దరం, రెండు రకాల చెవుడు. ఈలోగా ఆమె రావిర్యాలలో ఇంకో పిల్లను చూసి పెట్టింది. కందుకూరులో పెద్దమనుషులను కూర్చోబెట్టి ఇడుపు కాయితం, అదే విడాకులు, రాయించడానికి ఒక ఆదివారం ఖాయం చేసింది. ఇంక మూడు వారాలు.

ఆ శనివారం శ్రీనిధి క్లాసు నుంచి వచ్చి, చెప్పులు విడవకముందే నన్ను కావలించుకుంది.

"సీమోను సార్‌తో మాట్లాడిన చిన్నమ్మా. పేరు చెప్పలే. గిది మస్తుమందికి ఉంటదట. మొండితనం కాదు, ఇష్టం లేక కాదు, భయంతోని ఒల్లు చేసే పనట. దానంతటదే పోతదని కూసుంటే పోదు. చెప్పేటోళ్లు చెప్తే, ఓపిక పడితే చానమందికి నయమైతది. కాని మొగుడు పెండ్లాలు ఇద్దరు కలిసి పోవాలె." ఒక చీటీ నా చేతిలో పెట్టింది. పట్నంలో ఒక లేడీ డాక్టరు పేరు, ఫోన్ నంబరు. "నీకు ఆనాడే ఎవ్వలన్న చెప్తే ఎంత బాగుండు!"

చీటీ మడిచి నడుముకు దోపుకున్నాను. ఏడుపు రావాల్సిన చోట రాలేదు.

మరుసటి శనివారం ఆమె కావలించుకోలేదు. మొహం కడుక్కుని వచ్చి, నేను తోముతున్న గిన్నెల పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"చిన్నమ్మా, ఆయన సుమో తాళాలు టీవీ మీద పెడ్తడు అన్నవ్."

"అన్ననా?"

"రాసుకున్న. నీ పెండ్లయిన కొత్తల చిన్నాయినకు సైకిల్ గూడ కిరాయిదేనట. అమ్మ చెప్పింది."

గిన్నె కడుగుతూనే ఉన్నాను. అది అప్పటికే కడిగిన గిన్నె.

"గది కరుణక్కది గద?"

ఆమె పద్ధతిగా ఆగింది. ఆ ఆగడం ఈసారి భరించలేకపోయాను.

"అవ్," అన్నాను.

"నేను సార్‌కు చెప్పేసిన. క్లాసుల అందరి ముంగట లేచి, తెలిసినోళ్లను అడిగిన, తలుపు వెయ్యలే, నాది తప్పు అన్న. ఆ కాయితాలు చింపిపిచ్చిండు. మళ్ల మొదటికెళ్లి చెయ్యాలె."

"నీదేం తప్పే? తలుపు వద్దన్నది నేను."

"వెయ్యాల్సింది నేను." లేచి నిలబడింది. "నా వంతు నేను చెప్పిన. నీ వంతు నేను చెప్పద్దు చిన్నమ్మా, అట్ల చెప్తే అది గూడ తప్పే."

అంత సులువుగా చెప్పగలిగింది. ఇరవై రెండేళ్లు. నవ్వకుండా మాటలు పలకడం నేర్పితే ఇది కూడా వస్తుందేమో.

నేను మధ్యదారి వెతికాను. చీటీ ఇస్తే చాలు కదా, జబ్బు నయమైతే అన్నీ నయమవుతాయి కదా అనుకున్నాను. ఒక మంగళవారం కందుకూరు పోయాను. కరుణ తల్లి భూలక్ష్మి మజ్జిగ ఇచ్చి, మమ్మల్నిద్దరినీ వదిలి పెరట్లోకి పోయింది. కరుణ చిక్కిపోయింది. చీటీ చేతికిచ్చి, శ్రీనిధి చెప్పిందంతా చెప్పాను. నయమైతదంట అన్నాను.

ఆమె చీటీని రెండుసార్లు చదివి, మడతలు సరిచేసి, నాకే తిరిగి ఇచ్చింది.

"ఇద్దరు పోవల్సిన దవాఖాన అక్కా ఇది. నేను ఎవ్వలితోని పోవాలె?"

"దయాకర్ చెప్పలేదేమో కరుణా."

"మరి ఎవ్వలు చెప్తరు? గా ముచ్చట ముగ్గురికే ఎరుక. నేను చెప్పలే. నువ్వు చెప్పవు." గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "నీకు చెప్పినందుకు ఒక్కనాడు గూడ నాకు ఫికర్ గాలే అక్కా. దేవునికి చెప్పుకున్నట్టే అనుకున్న. ఇగ మిగిలింది ఆయనే గద?"

నోరు తెరిచాను. మజ్జిగ బాగుంది అన్నాను. ఉప్పు సరిపోయింది అన్నాను. నాలుగు గంటల బస్సుకు వచ్చేశాను.

కరుణ తిరిగిచ్చిన చీటీ పర్సులో పెట్టుకుని, ఆ బస్సులో కిటికీ పక్కన, నన్ను నేను ఒకటే అడిగాను. చెప్పడానికి భయపడ్డది కరుణ బాధపడుతుందనా, కరుణ దృష్టిలో నేను పడిపోతాననా? రెండోదే. అది తెలిశాక కూడా దిగి వెనక్కి పోలేదు.

ఆదివారానికి రెండు రోజుల ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువా అద్దం ముందు నిలబడ్డాను. నోట రాని మాటను అద్దం ముందు పదిసార్లు అనాలని శ్రీనిధి వాళ్ల క్లాసులో నేర్పారు. వాళ్లు అనే మాటలకన్నా నాది చాలా మర్యాదైన మాట. ఎవరింట్లోనైనా అనొచ్చు. "నేను చెప్పిన," అన్నాను. "నేను చెప్పిన." మూడోసారి "నేను" దగ్గరే ఆగిపోయాను. గ్లాసు నీళ్లు తాగి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

"ఎవ్వలితోని మాట్లాడుతున్నవే అరుణా?" అని వరండాలోంచి అత్తమ్మ.

వెళ్లి ఆమె మంచం ముందు నిలబడ్డాను. "అత్తమ్మా, ఆనాడు నువ్వు ఇన్నవ్ గద?"

చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఆఁ?"

ఆదివారం అందరం దయాకర్ సుమోలోనే కందుకూరు పోయాం. తన ఇడుపు కాయితానికి తనే బండి నడుపుకుంటూ వచ్చిన మనిషి వీపు వెనక గంటసేపు కూర్చున్నాను. అత్తమ్మ దారి పొడుగునా వెంచర్ల బోర్డులు చూస్తూ వచ్చింది.

కరుణ వాళ్ల వాకిట్లో రేకుల కింద ఐదుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. మా ఆయనా, కరుణ తండ్రీ ఎదురెదురుగా. దయాకర్ గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లం గడప లోపల. అత్తమ్మకు మాత్రం గడప బయట కుర్చీ వేశారు, చెవుడు కాబట్టి.

అందరిలో పెద్ద నారయ్య. అన్నీ విని కరుణను పిలిచాడు.

"ఆఖరుసారి అడుగుతున్న బిడ్డా. పిల్లలు గాలేదని వాళ్లంటుండ్రు. అది దేవుని చేతుల ఉంది. నువ్వే పోనంటున్నవట. పిల్లగాని మీద నీ కష్టమేంది? తాగుతడా? కొడ్తడా?"

"లే."

"మరేంది?"

"మాట తప్పిండు."

"ఏం మాట?"

కరుణ పెదవి బిగించింది. ఆ మాట చెప్పదు. చెప్పకుండానే కాపురం వదులుకుంటుంది.

"నేను తప్పలే," అన్నాడు దయాకర్, నేల చూస్తూ. "ఎన్నిసార్లు చెప్పాలె?"

"నువ్వు తప్పలేదంటవ్, ఆమె తప్పినవంటది. మరి ఎవ్వలు తప్పిండ్రు రా?" నారయ్య విసుగ్గా పక్కకు చూశాడు. పక్కాయన తెల్లకాగితం తీసి మోకాలు మీద పెట్టుకున్నాడు.

నేను కరుణ పక్కకు జరిగాను. చాలా మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడేట్టు అన్నాను.

"దయాకర్ చెప్పలే కరుణా. నేను చెప్పిన. శ్రీనిధికి చెప్తుంటే అత్తమ్మ ఇన్నది. తలుపు తెరిచి పెట్టింది నేనే."

ఆమె నా వైపు తిరిగింది. ఆ రోజు అన్నాల దగ్గర నా వైపు రాని చూపు, నాలుగు వారాలు ఆలస్యంగా వచ్చింది. అందులో కోపం లేదు. కోపమైతే బాగుండేది. దాని అర్థం నాకు మళ్లీ ఏడాది చింతపండు వచ్చినప్పుడు తెలిసింది. అప్పటికి వాళ్లిద్దరూ మా మేడ మీదే ఉన్నారు, కలిసి పట్నం దవాఖానకు పోయి వస్తున్నారు, నాతో మంచిగానే మాట్లాడుతోంది. కానీ తన వాటా చింతపండు తట్టలో వేసుకుని మేడ మీదికి తీసుకుపోయి ఒక్కతే కొట్టుకుంది. ఇప్పటికీ అంతే.

ఆ క్షణంలో మాత్రం, వాకిట్లో అందరూ మా వైపు తిరిగారు. ఏదో జరిగిందని తెలుసు, ఏమిటో తెలియదు. కాగితం పట్టుకున్నాయన పెన్ను మూత తీశాడు. నేను చెప్పాల్సింది చెప్పేశాను కదా, ఇంక కరుణ చూసుకుంటుంది కదా అని నాలో ఒక పిరికిది అప్పుడే చాప మీద కూర్చోబోయింది.

అత్తమ్మ కుర్చీలో వెనక్కి తిరిగింది. చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

"ఏమన్నవే అరుణా? నాకు ఇనవడలే. జర గట్టిగ చెప్పు."

ఆమెకు వినబడింది. ఆమెకు అన్నీ వినబడతాయి. చెయ్యి చెవి దగ్గరుంది కానీ కళ్లు కొడుకు మీద ఉన్నాయి.

గడప దాటి వాకిట్లోకి వచ్చాను.

"మాట తప్పింది దయాకర్ కాదు," అన్నాను, రేకుల కింద చివర కూర్చున్నవాళ్లకు కూడా వినబడేట్టు. "నేను. తప్పు నాది."